బెల్లం ఎక్కడ దాస్తారు?

ముసురు పట్టి మూడు రోజులైంది. ఈ పొద్దున బెల్లం డబ్బా మూత తీసేసరికి గడ్డంతా చెమర్చి, అడుగున పాకం చేరి ఉంది. చెమర్చిన బెల్లానికి ఎండు బెల్లానికి లేని వాసన ఒకటి ఉంటుంది. కాస్త పులుపు, కాస్త గోనెసంచి, కాస్త వాన. అది ముక్కుకు తగలగానే నంద్యాల మిషన్ బడిలో బియ్యం, బేడలు పెట్టే ఉగ్రాణం గది, ఆ గది తలుపుకు అడ్డంగా నిలబడి నన్ను ఎగాదిగా చూస్తున్న కృపమ్మగారు గుర్తుకొస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే నేనింత రాయవలసిన పని లేదు. ఒక్కసారి ఆమె చేత తిట్లు తిన్నవాళ్ళకు వేరే పరిచయం అక్కరలేదు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను కర్నూలులో ఉపాధ్యాయులు కాబోయేవాళ్ళకు మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. నాకు నోరెక్కువని మా బంధువులంటారు. వాళ్ళకు చెవులు తక్కువని నేనంటాను. ఈ శాస్త్రాన్ని నేను మద్రాసులో టీచరు శిక్షణకని బి.టి. చదువుతూ నేర్చుకున్నానని నా సర్టిఫికెట్లు చెబుతాయి. అది పూర్తి నిజం కాదు. దానిలో సగం నంద్యాలలో, ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన ఒక హాస్టలు మేట్రను దగ్గర, బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేర్చుకున్నాను.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. యాభై అయిదు జూన్‌లో ఆళ్ళగడ్డ నుంచి ఒక ఇనప్పెట్టెతో నంద్యాలకు వచ్చి ఆ బడిలో టీచరుగా చేరాను. ఉండటానికి హాస్టల్లోనే ఒక గది ఇచ్చారు. జట్కావాడు పెట్టె దించలేక మూలుగుతుంటే కృపమ్మగారు వచ్చి ఒక పక్క పట్టారు. ఎత్తుగా, ఎండిన చెరుకుగడలా ఉండే మనిషి. తెల్ల చీర, బొడ్లో తాళాల గుత్తి. అరవై మంది ఆడపిల్లలు ఆ తాళాల చప్పుడు విని నోట్లో మాట నోట్లోనే మింగేవారు.

"ఏందమ్మా, ఇంత బరువుండాది?"

"పుస్తకాలండీ."

"రాళ్ళేమో అనుకుంటి. రాళ్ళయితే కారం నూరేదానికన్నా పనికొస్తుండె."

ఆమె గోస్పాడు దగ్గరి పల్లెలో కూలి చేసుకునే కుటుంబంలో పుట్టారు. పెళ్ళయిన మూడేళ్ళకు భర్త పోతే మిషన్‌వాళ్ళు చదువు చెప్పించి హాస్టలు మేట్రనుగా పెట్టారు. నేను వెళ్ళేనాటికి యాభై దాటాయి. మూడేళ్ళ క్రితం డాక్టరు చక్కెర రోగమని చెప్పిన నాటి నుంచి తీపి ముట్టలేదు. చక్కెర లేని కాఫీని కషాయంలా తాగుతూ, "సిలువ మీద ప్రభువుకు పుల్లటి చిరక తాగనిచ్చిరి. నాకు కాఫీ అన్నా ఇస్తాండారు గదా" అనేవారు. అబద్ధమాడితే ఆమెకు అన్నం సయించేది కాదు. ఇది ఊరికే చెప్పడం లేదు, ముందుముందు దీంతో పని ఉంది.

నా పెట్టెలోని రాళ్ళలో అన్నిటికన్నా బరువైనది ఒక నోట్సు పుస్తకం. మద్రాసులో మా లెక్చరరు ఒక విదేశీ డాక్టరు పరిశోధన గురించి మూడు రోజులు పాఠం చెప్పింది. దొంగతనం చేసి పట్టుబడ్డ పిల్లలను ఆయన తన చికిత్సాలయంలో పరీక్షించాడు. వారిలో కొందరికి మనుషుల మీద ప్రేమ, చేసిన పనికి పశ్చాత్తాపం అనేవే లేవని, అలాంటివాళ్ళలో ఎక్కువమంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవాళ్ళేనని తేల్చాడు. క్లాసులో మిగతావాళ్ళు దాన్ని పరీక్ష కోసం రాసుకున్నారు. నేను నా కోసం రాసుకున్నాను. ఎందుకంటే నన్ను ఏడాదిన్నర వయసులో వెలుగోడులో మా అవ్వ దగ్గర వదిలి, ఆరో ఏట మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. నా కోపానికి, నా నోటికి, ఎవరితోనూ పడకపోవడానికి ఇన్నాళ్ళకు కారణం దొరికింది. ఆ కారణం ఆళ్ళగడ్డలో మా వంటింట్లో కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది.

ఆ ఏడు వానాకాలంలో హాస్టలు బెల్లం తగ్గడం మొదలైంది. ఆదివారం సాయంత్రం పిల్లలకు వేయించిన వేరుశనగ బుడ్డలు, తలా ఒక చిన్న బెల్లం ముక్క పెట్టడం ఆ హాస్టలు మర్యాద. అందుకోసం అచ్చుబెల్లం గోనెసంచిలో తెప్పించేవారు. సంచి రోజురోజుకీ చిక్కిపోతోంది. ఒకరోజు ఉదయం ప్రార్థనకు పిల్లలు వరసగా నిలబడి ఉండగా, రూతు అనే పదకొండేళ్ళ పిల్ల పరికిణీ మీదికి నేల నుంచి చీమల బారు ఒకటి క్రమశిక్షణతో ఎక్కుతూ కనిపించింది. చీమలకు ప్రార్థన అయ్యేదాకా ఆగే ఓపిక లేదు. పరికిణీ కుచ్చిళ్ళలో బెల్లం ముక్క దొరికింది.

రూతు పుట్టిన ఏడాదికే వాళ్ళమ్మ క్షయ ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. తండ్రి బనగానపల్లె దగ్గర నాపరాళ్ళ గనిలో కూలి. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల నాలుగిళ్ళు చేతులు మారి ఆరో ఏట హాస్టలుకు చేరింది. ఇప్పుడు వెళ్ళగొడితే పోవలసింది ఆ గనికే, రాళ్ళు మోయడానికి. ఉంచాలా, పంపాలా అన్నది దసరా సెలవుల తర్వాత బడి కమిటీ తేల్చాలి. మా పెద్ద టీచరు సుశీలాబాయిగారు నన్ను పిలిచి, "నువ్వు సైకాలజీ చదివినావు గదమ్మా, ఆ పిల్ల మీద ఒక రిపోర్టు రాయి. మేట్రను చేత కూడా సంతకం పెట్టించు" అన్నారు.

నాకు ఆకలి వేస్తున్నప్పుడు విస్తరి వేసినట్టయింది. తల్లి దూరమైన పిల్ల, దొంగతనం, పట్టుబడ్డా కంట నీరు పెట్టకపోవడం. నా నోట్సు పుస్తకమే పరికిణీ కట్టుకుని నడిచి వచ్చినట్టుంది. రెండు రోజులు కూర్చుని ఇంగ్లీషులో ఎనిమిది పేజీలు రాశాను. ఈ పిల్లకు ప్రేమించే శక్తి పసితనంలోనే ఎండిపోయిందని, బాగుపడే అవకాశం తక్కువని, మిగతా పిల్లల మేలు కూడా చూడాలని. ఎంత అందమైన ఇంగ్లీషో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

సంతకం కోసం వెళ్ళేసరికి కృపమ్మగారు వంటింటి వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతున్నారు. "నాకు ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్పు. చెప్తా ఈ పక్క రాళ్ళేరు" అన్నారు. నేను ఆ చేట ముందు కూర్చుని ఆ డాక్టరు పరిశోధనంతా చెప్పాను. ఆమె తలెత్తకుండా విన్నారు.

"ఆ దొర దొంగపిల్లలను యాడ పట్టినాడు?"

"ఆయన పట్టలేదు. ఆయన చికిత్సాలయానికి తీసుకొచ్చారు."

"అంటే పట్టుబడినోళ్ళను."

"పట్టుబడనివాళ్ళు దొంగలని ఎట్లా తెలుస్తుందండీ?"

"అదే అడుగుతాండా. సరే, దొంగతనం చేయనోళ్ళను సూడల్యా?"

"చూశాడు. అక్కడికే వేరే బాధలతో వచ్చిన పిల్లలతో పోల్చాడు."

"అందరూ ఆసుపత్రి గడప తొక్కినోళ్ళేనన్నమాట. ఇంటికాడ ఆడుకుంటాండే వాండ్లను ఒక్కర్నన్నా పిలవల్యా?" ఒక రాయి తీసి పారేశారు. "వీండ్లు పసిగా ఉన్నప్పుడు తల్లికి దూరమైనారని ఆయనకెవురు చెప్పిరి?"

"తల్లులను, అయినవాళ్ళను అడిగారు."

"ఎన్నేండ్ల తర్వాత?"

"ఎనిమిదేళ్ళో, పదేళ్ళో..."

"పోయిన ఆదివారం ఏం కూర చేస్తిమో నాకు గెవనం లేదు." ఇంకో రాయి. "పోనీ, దూరమైనోళ్ళంతా దొంగలేనా?"

ఆయన అలా చూడలేదు. దొంగలైనవాళ్ళను ముందు పెట్టుకుని, వీళ్ళలో తల్లికి దూరమైనవాళ్ళు ఎందరని వెనక్కి లెక్క చూశాడు. ఆ మాటే చెప్పాను.

"ఈడ సబ్‌జైల్లో ఉన్నోళ్ళంతా సంగటి తిని పెరిగినోళ్ళే. సంగటి తింటే జైలుకు పోతారా?"

నాకు కోపం వచ్చింది. అది అంత తేలిక విషయం కాదని, ఆయన పెద్ద డాక్టరని, లోకమంతా ఒప్పుకున్నారని వాదించాను. కృపమ్మగారు చేట కింద పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూశారు.

"ఇను సరోజమ్మా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి సూస్తే సాలంటారు. నిజమే. కుండంతా గంటె పెట్టి కలిపినాక పడితే నిజం. నీ దొర అడుగంటిన కాడ గీకినాడు. గీకి, కుండంతా మాడిందంటాండాడు. ఇంతకూ నువ్వు రూతును అడిగితివా?"

"ఏమని?"

"బెల్లం ఎందుకు తింటివని."

అడగలేదు. ఎనిమిది పేజీలలో ఆ పిల్లతో నేను మాట్లాడిన మాట ఒక్కటీ లేదు. కృపమ్మగారు వాకిట్లో గిన్నెలు కడుగుతున్న రూతును కేకేశారు. "మేయ్ రూతూ, ఆ బెల్లం ఎందుకు తింటివే?"

రూతు తడి చేతులు పరికిణీకి తుడుచుకుని, ఇందులో చిక్కు ప్రశ్న ఏమైనా ఉందా అని మా ఇద్దరినీ కాసేపు చూసింది. "తియ్యగుంటాది అమ్మగారూ" అంది.

"రాసుకో టీచరమ్మా. నీ ఎనిమిది పేజీల్లో ఇది ల్యా."

నేను అంత త్వరగా ఒప్పుకునేదాన్ని కాదు. ఒక పిల్ల మాటతో శాస్త్రం కూలిపోదన్నాను. "అయితే కుండ కలిపి సూద్దాం పా" అన్నారు ఆమె. "మీ ఆళ్ళగడ్డలో బిడ్డను అవ్వోళ్ళింటికి పంపని ఇల్లు ఒకటన్నా ఉండాదా?"

ఆ మాట నిజమే. మా వైపు రెండో బిడ్డ కడుపున పడిందంటే మొదటి బిడ్డకు ప్రయాణం కట్టినట్టే. పాలు మాన్పించాలి, తల్లికి పని తగ్గించాలి. అవ్వ వచ్చి చంకనేసుకుని పోతుంది. ఏడాది అనుకున్నది నాలుగేళ్ళవుతుంది. ఆ డాక్టరు మాట అక్షరాలా నిజమైతే ఆళ్ళగడ్డలో ప్రతి ఇంటి పెద్దకొడుకూ దొంగై ఉండాలి. రెండోవాళ్ళు దొరబాబులై ఉండాలి.

దసరా సెలవుల్లో ఇద్దరం పొద్దుటి బస్సుకు ఆళ్ళగడ్డ వెళ్ళాం. అమ్మ ఆమెకు అరుగు మీద చాప వేసి మంచినీళ్ళు ఇచ్చింది. లోపలికి రమ్మనలేదు. ఎందుకో కృపమ్మగారికి తెలుసు. నాకూ తెలుసు. నోరున్నదాన్నని పేరు మోసిన నేను ఆ రోజు నోరెత్తలేదు. ఇంగ్లీషులో ఎనిమిది పేజీలు రాసిన మనిషికి తెలుగులో "లోపలికి రండి" అన్న రెండు మాటలు దొరకలేదు. ఆమె మాత్రం ఆ అరుగే తను కట్టించుకున్నట్టు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

నేను పుస్తకం, పెన్సిలు పట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. మీ పెద్దవాడు తల్లి దగ్గర పెరిగాడా, అవ్వ దగ్గరా? చిన్నప్పుడు ఏమైనా దొంగిలించాడా? మొదటి ఇంట్లో, "మావోడు బంగారమమ్మా. పక్కింట్లో వాని కథ అడుగు" అన్నారు. పక్కింట్లో వాళ్ళు మూడో ఇంటిని చూపించారు. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి నన్ను పీట వేసి కూర్చోబెట్టి, జల్లెడంతేసి మురుకులు పెట్టి, కొడుకును చొక్కా తొడిగి ఎదుటికి తెచ్చారు. అయిదో ఇంట్లో వాళ్ళ పెద్దవాడికి ఎన్ని ఎకరాలు వస్తాయో చెప్పారు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నానికి మా నాయన తల పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"ఏం సేస్తాండావ్ సరోజా? నువ్వే స్వయంగా ఇల్లిల్లూ తిరిగి మొగపిల్లోళ్ళ గుణం విచారిస్తాండావంట. మూడిండ్లోళ్ళు జాతకం అడుగుతాండారు నన్ను."

ఇరవై రెండేళ్ళు వచ్చినా పెళ్ళి కాని పిల్ల, పక్క ఊరి నుంచి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చి, మీవాడికి చెడ్డ బుద్ధులేమైనా ఉన్నాయా అని అడిగితే మా ఊళ్ళో దానికి ఇంకో అర్థం లేదు. నా పుస్తకంలో పదకొండు ఇళ్ళ వివరాలున్నాయి. పదకొండు ఇళ్ళలోనూ బంగారమే.

అరుగు దగ్గరికి వచ్చేసరికి కృపమ్మగారి చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చేరి ఉన్నారు. ఆమె ఎవరినీ ఏ బిడ్డ గురించీ అడగడం లేదు. హాస్టల్లో బెల్లం నిలవడం లేదని మొర పెట్టుకుని, "మీ ఇండ్లల్లో బెల్లం యాడ దాస్తారమ్మా?" అని అడుగుతున్నారు. దానికి సమాధానాలు గట్టు తెగినట్టు వస్తున్నాయి.

"అటక మీద ఇత్తనాల బానలో పెడతానక్కా. నిచ్చెన తీసి పెరట్లో దాస్తా."

"నేను నా పెండ్లి చీర పెట్టెలో. చీరకు చీమలు పట్టినా సరే."

"దేవుని గూట్లో పెడితిని. దేవునికి బయపడల్యా, ఏం ల్యా. ఇప్పుడు మిరపకాయల తట్ట అడుగున పెడతాండా."

ఒకావిడ లేచి వచ్చి కృపమ్మగారి చెవిలో ఏదో చెప్పింది. తర్వాత తెలిసింది, ఆవిడ దాచేది పిల్లలకు భయపడి కాదు, అత్తకు భయపడి.

"పెద్దోళ్ళా, చిన్నోళ్ళా ఎక్కువ తీసేది? అవ్వోళ్ళింట్లో పెరిగినోళ్ళా, మీ కాడ పెరిగినోళ్ళా?" అని కృపమ్మగారు మాటవరసకు అన్నట్టు అడిగారు.

"ఎవురైతేనేమక్కా, బెల్లం కనపడితే అందరూ ఒగటే" అంది చీరపెట్టె ఆవిడ. అందరూ నవ్వారు. కృపమ్మగారు నా వైపు చూశారు. నేను పుస్తకం మూశాను. దొంగతనం చేశాడా అని అడిగితే ఊరంతా బంగారం. బెల్లం ఎక్కడ దాస్తారని అడిగితే దాచని ఇల్లు లేదు. ఎలా అడగాలో తెలియనివాడు ఏం తెలుసుకున్నా ఒకటేనని మద్రాసులో నాకెవరూ చెప్పలేదు.

వాళ్ళంతా వెళ్ళాక అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను ఊరుకోలేక పోయాను. "నన్ను మాత్రం ఎందుకు పంపించావు?" అన్నాను. ఏడాదిగా నోట్సు పుస్తకంలో నానబెట్టిన ప్రశ్న అది.

"తమ్ముడు కడుపులో పడిండె. నాకు జ్వరాలు. ఈడుంటే పాలు మానవని మీ అవ్వ తీసకపాయ." అమ్మ కొంగు చివర ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ చెప్పింది. "మూడో ఏడు పండగకు నిన్ను తీసకరావాలని వెలుగోడుకు వచ్చినా. నువ్వు మీ అవ్వ కొంగెనక దాక్కొని, నువ్వెవురు అని అడిగితివి నన్ను. ఇంక ఏ ముఖం పెట్టుకొని తీసకొద్దును?"

నాకు ఆ సంగతి జ్ఞాపకం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె మీద నేనొక ఫిర్యాదు మోస్తుంటే, నా మీద ఆమె ఇదొకటి మోస్తోంది. నాదైతే ఊరందరికీ చెప్పాను. ఆమె నోరు మెదపలేదు.

"మరి దొంగ బుద్ధులు ఈమెకేమన్నా ఉండెనా?" అని కృపమ్మగారు అరుగు మీది నుంచే అడిగారు.

"దీనికి బెల్లం కన్నా వాదులాట ఇష్టమక్కా. వీళ్ళ తమ్ముడు పదేండ్లు నా పక్కలోనే పండుకున్నాడు, కొంగు వదల్యా. పెద్ద దొంగంటే వాడే." ఆ తమ్ముడు ఇప్పుడు పోలీసు శాఖలో మంచి పేరు తెచ్చుకున్నాడు.

"మీ అవ్వ నిన్ను తిట్టేదా?" అని కృపమ్మగారు నన్నడిగారు.

"పొద్దున లేస్తే తిట్లే."

"ఇంకేం తక్కువ నీకు? నువ్వు యాడ పోతివో, ఏం తింటివో కనిపెట్టుకొని తిట్టేవాళ్ళు ఒకరుండిరి. రూతుకు అది కూడా ల్యా. నాలుగిండ్లల్లో దాన్ని కొట్టినోళ్ళుండారు గాని, తిట్టినోళ్ళు లేరు. కొట్టేదానికి ఎవురైనా సాలు. తిట్టాలంటే మన బిడ్డయి ఉండాల."

బయలుదేరేటప్పుడు అమ్మ లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది. ఎక్కడ దాచిందో ఈనాటికీ నాకు తెలియదు. ఒక బెల్లం అచ్చు తెచ్చి కృపమ్మగారి చేతిలో పెట్టింది. ఆమె దాన్ని కొంగుకు ముడి వేసుకుని, "నేను తినకూడదు. ఆ బిడ్డకు ఇస్తా" అన్నారు.

సెలవులయ్యాక ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి కమిటీ కూర్చుంది. నలుగురు పెద్దమనుషులు, సుశీలాబాయిగారు. అధ్యక్షుడు రాజరత్నంగారు, పదవీ విరమణ చేసిన తాసీల్దారు. నా ఎనిమిది పేజీల సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది, నచ్చింది కూడా. నేను లేచి కొత్తగా రాసుకున్న ఒక్క పేజీ చదివాను, తెలుగులో. ఆ పరిశోధన చెప్పేది కొందరు పట్టుబడ్డ పిల్లల గురించి. దానివల్ల ఈ పిల్ల రేపు ఏమవుతుందో తెలియదు. తల్లి లేకపోవడం, తిండి చాలకపోవడం, ఇళ్ళు మారడం, వీటిలో దేని పని ఏదో విడదీసి ఎవరూ చూడలేదు.

"మరి ముందు ఇంకోటి రాసినావంటనే?" అన్నారు రాజరత్నంగారు.

"అది తప్పు రాశానండీ." నా జీవితంలో ఆ మాట అంతకు ముందు వాడిన గుర్తు లేదు.

ఆయన కళ్ళజోడు తీశారు. "నువ్వు ముందు రాసిందే నిజమమ్మా. తల్లి పెంపకం ల్యాకపోతే దొంగబుద్ధి వస్తాది. తల్లి కాడ పెరిగినోళ్ళెవురన్నా ఆ బెల్లం మూటలో చెయ్యి పెట్టినారా? పంపించేద్దాం."

గోడ దగ్గర నిలబడి ఉన్న కృపమ్మగారి తాళాలు గలగలమన్నాయి. "నేను పెట్టినానయ్యా."

రాజరత్నంగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ మూటలో చెయ్యి పెట్టి, ఎవుర్నీ అడక్కుండా బెల్లం తిన్నా. మా అమ్మ నన్ను పెండ్లయ్యేదాకా కొంగు వదలనీల్యా. పంపితే ఇద్దర్నీ పంపండి. ఉంచితే ఇద్దర్నీ ఉంచండి." ఇరవై ఏళ్ళ ఉద్యోగం. ఇంకో చోటు లేని మనిషి. "అయ్యా, ఒక మాట అడుగుతా. మీ ఇంట్లో బెల్లం యాడ దాస్తారు?"

రాజరత్నంగారు తాసీల్దారుగా ఎన్నో విచారణలు చేశారు కాని, తననే విచారిస్తారని అనుకోలేదు. "అటక మీద" అనేశారు.

"ఎవురికి బయపడి?"

"మనవళ్ళకు."

"వాండ్లకు తల్లి ఉండాదా?"

ఆయన జవాబు చెప్పేలోగా, అంతవరకు నోరు విప్పని ఒక పెద్దాయన దగ్గి, "మా ఇంట్లో నాకు బయపడి దాస్తారు" అన్నాడు. సుశీలాబాయిగారు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒకరు నవ్వాక మిగతావాళ్ళు ఆపుకోలేకపోయారు. రాజరత్నంగారు అందరికన్నా ఆఖరున నవ్వారు, అదీ కొంచెమే. "సరే, ఉండనీండి. ఆ పిల్లకు పూచీ ఎవురు?"

కృపమ్మగారు వేలు నా వైపు చూపించారు. "ఈ టీచరమ్మ. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిడతాది. దేవుడు ఆ నోరు ఎందుకిచ్చినాడో ఇన్నాళ్ళకు తెలిసింది."

బయటికి వచ్చాక హాస్టలు దాకా నేను ఆగలేకపోయాను. "మీరు తీపి తినరు కదా. అంత అబద్ధం ఎలా ఆడారు?"

"అబద్ధమెందుకైతాది? అబద్ధం కాకూడదనే పొద్దున ప్రార్థన చేసుకొని, ఉగ్రాణంలోకి పోయి ఒక ముక్క నోట్లో ఏసుకున్నా." నాలుగడుగులు నడిచి ఆగారు. "మూడేండ్లయింది సరోజమ్మా తీపి తిని. ఆ బిడ్డ చెప్పింది నిజమే." ఇంకో నాలుగడుగులు. "ఎంత తింటివి, ఎప్పుడు తింటివి అని ఒక్కడన్నా అడిగెనా? చెప్పింది చెప్పినట్ల నమ్మిరి. నీ దొర కూడా ఇట్లనే నమ్మింటాడు."

నేను తిట్టే పని మర్నాడే మొదలుపెట్టాను. జడ సరిగా వేసుకోలేదని, పలక తుడవలేదని, కంచంలో కూర వదిలిందని. మొదటి నెల రూతు నన్ను వానను చూసినట్టు చూసింది. రెండో నెల ఒకరోజు జ్వరమొచ్చి నేను గదిలోంచి బయటికి రాలేదు. సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, "ఈ పొద్దు తిట్టల్యా టీచర్?" అని అడిగింది. కంట నీరు రాని పిల్ల అని నేను రాసిన వాక్యం నాకు గుర్తొచ్చింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ వాక్యం తప్పని తేలడానికి ఆ పిల్ల కంట నీరు వెతకనక్కరలేదు, ఆ ప్రశ్న చాలు.

పంతొమ్మిది వందల అరవైలో కృపమ్మగారు పని మానుకుని గోస్పాడు వైపు చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. నేనూ రూతూ పెట్టె మోసుకుని బస్సు దాకా వెళ్ళాం. కిటికీలోంచి తాళాల గుత్తి లేని చెయ్యి బయటపెట్టి, "దాన్ని తిట్టేది మానొద్దు" అన్నారు నాతో. అంతే. వెళ్ళేముందు ఒక్కసారి మా ఆళ్ళగడ్డ ఇంటికి తీసుకెళ్ళి, ఈసారి గడప లోపల పీట వేయాలని నాలుగేళ్ళు అనుకుంటూనే ఉన్నాను. అనుకోవడంతోనే సరిపోయింది. మిగతా నా తప్పులన్నీ నవ్వుతూ చెప్పగలను, ఇదొక్కటి తప్ప.

ఆ డాక్టరు చెప్పిందంతా తప్పని నేను ఇప్పటికీ అనను. తల్లికి దూరమైన బిడ్డకు నొప్పి ఉంటుంది. నాకూ ఉండేది, మా అమ్మకూ ఉండేదని ఆలస్యంగా తెలిసింది. నొప్పి ఉందనడం వేరు, నొప్పి ఉంది కాబట్టి దొంగవుతుందనడం వేరు. రూతు ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. చూసే వేళ అయిపోయిందని తల్లులను బయటికి పంపమంటే వినదట, బిడ్డ మంచం పక్కనే చాప వేసి పడుకోబెడుతుందట. దానికి పైవాళ్ళ చేత మాటలు పడుతుంది. నా చేత కూడా, వేరే కారణాలకు. నా క్లాసులో ఎవరైనా లేచి ఫలానా దేశంలో ఫలానా పరిశోధన తేల్చిందని చెబితే, "మెతుకు ఎక్కడ పట్టారు?" అని అడుగుతాను. మొదటి వారం వాళ్ళకు అర్థం కాదు. నాకూ కాలేదు కదా.

నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో బెల్లం దాచవలసిన అవసరం లేదు. డబ్బా పొయ్యి పక్కనే, చేతికి అందేలా ఉంటుంది. కాని వచ్చే ఆదివారం రూతు వస్తానని కార్డు రాసింది. వచ్చిందంటే చెప్పులు విడవక ముందే వంటింట్లో దూరి వెతకడం మొదలుపెడుతుంది. ఎదురుగా కనిపిస్తే నొచ్చుకుంటుంది. ముసురు తగ్గేలోగా డబ్బా చోటు మార్చాలి.